మిరప మండీలో తడవని కళ్ళు

మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే గొప్ప ఒకటుంది. పొలాలు కాదు, నగలు కాదు. ఎండుమిరప ఘాటుకు మా వంశంలో ఎవరి కళ్ళూ నీళ్ళు పెట్టవు. ఇది విని నవ్వేవాళ్ళంతా మా మండీకి ఎప్పుడూ రానివాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం, రేకుల కప్పు కింద, మూతులు విప్పిన మిరప బస్తాల మధ్య ఒక్క పది నిమిషాలు నిలబడితే ఆ గొప్పేమిటో వాళ్ళకే అర్థమవుతుంది. నిలబడగలిగితే.

మాది కరువు మండలాల జాబితాలో పేరు రాకపోతే నొచ్చుకునే ఊరు. బోరు వేస్తే ముందు దుమ్ము వస్తుంది, తర్వాత కూడా దుమ్మే వస్తుంది. వాన రాని సంవత్సరాలను లెక్కపెట్టడం మానేసి వచ్చిన సంవత్సరాలను గుర్తుపెట్టుకుంటాం. అలాంటి చోట కంట్లో కూడా నీటిచుక్క లేకపోవడం గొప్ప అని మొదట ఎవరు కనిపెట్టారో తెలియదు. కనిపెట్టిన మహానుభావుడు మా వీధివాడే అయ్యుంటాడని నా నమ్మకం.

మండీలో బేరం చేసే పద్ధతి ఒకటుంది. అమ్మేవాడు, కొనేవాడు బస్తాకు చెరోవైపు నిలబడాలి. హమాలీ చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి సరుకును అడుగు నుంచి కలబెడతాడు. దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో ఇద్దరూ వంగి, కాయ విరిచి, విత్తనం చూసి, మాట్లాడుకోవాలి. ముందు ఎవరి కళ్ళు తడుస్తాయో వాళ్ళు తువ్వాల అడ్డం పెట్టుకుని బయటికి పోవాలి. అలా బయటికి పోయి వచ్చినవాడి మాటకు ఆ రోజంతా విలువ ఉండదు. ఇది మార్కెట్ కమిటీ బోర్డు మీద ఎక్కడా రాయలేదు. బోర్డు మీద రాసినవి ఎవరూ పాటించరు కాబట్టి, రాయనిదాన్నే అందరూ పాటిస్తారు.

ఈ యుద్ధంలో ఎన్నడూ ఓడనివాడు మా జేజినాయన, అంటే నాయనకు నాయన. నేను ఆయన్ని చూడలేదు. అంగట్లో గద్దె పైన ఆయన ఫొటో ఉంటుంది. వీధి తలుపుకు వీపు పెట్టి, బస్తా ముందు నిలబడి ఉంటాడు. వెనక నుంచి వెలుతురు కొట్టి మొహం నల్లగా పడింది. ఆ ఫొటో తీసినవాణ్ణి మా నాయన ఏడాదికొకసారైనా తిట్టేవాడు. "వెలుతురు యాడుండాదో చూసుకోనోడు ఫొటో తీస్తాడంటనే. మా నాయన కండ్లు జనం చూడకుండా జేసినాడు."

నాకు అన్నదమ్ములు లేరు. అందుకని డిగ్రీ అయిన రెండేళ్ళకు అంగట్లో కూర్చోవడానికి నేనే వెళ్ళాను. నా భర్త బడిపంతులు. మిరపకాయలకూ తనకూ సాంబారు వరకే సంబంధం అని పెళ్ళిచూపుల్లోనే చెప్పినంత తెలివైనవాడు.

మొదటి రోజు తొమ్మిది తుమ్ములు తుమ్మాను. కళ్ళు, ముక్కు ఒకటే ధార. మగవాడికి కళ్ళు తడిస్తే ఓడిపోయాడంటారు. ఆడదానికి తడిస్తే ఏడుస్తోందంటారు. రెండో వారానికల్లా మండీ అంతా నా కాపురం గురించి బాధపడుతోంది. హమాలీల్లో పెద్దాయన ఒకడు, జేజినాయన కాలం నుంచీ మా అంగట్లో మూటలు మోసినవాడు, మెల్లగా దగ్గరికొచ్చి అడిగాడు. "ఏమ్మా, ఇంట్లో గొడవేమన్నా అయ్యిందా? అయ్యవారు మంచోడే గదా." గుత్తి నుంచి వచ్చే కొనుగోలుదారు ఇంకా దయామయుడు. "ఆడబిడ్డను ఏడిపిచ్చి బేరం జేస్తే మంచిది గాదులేమ్మా" అని, పక్క అంగడికి పోయి అక్కడ సరుకు కొన్నాడు. జాలిపడినవాళ్ళెవరూ మా దగ్గర కొనలేదు.

నాయన నన్ను ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మా అమ్మతో అన్నాడు. "కన్ను ఇంకా పచ్చిగా ఉండాది. పండల్ల. టైం పడతాది." నా కన్ను మామిడికాయ అయినట్టు అందరూ అది పండటం కోసం ఎదురుచూశారు.

అది పండలేదు. నేనే మగ్గబెట్టాను. బజారు మూల మందుల అంగడికి పోయి, తుమ్ములు ఆగాలి, కళ్ళల్లో నీళ్ళు ఆగాలి అని అడిగాను. ఆ అన్న ఏమీ అడక్కుండా చిన్న మాత్రల అట్టను కత్తెరతో సగానికి కత్తిరించి ఇచ్చాడు. జలుబుకూ, దద్దుర్లకూ, తుమ్ములకూ అందరూ మింగే పాతకాలపు మాత్ర. పొద్దున ఒకటి వేసుకుంటే సాయంత్రం దాకా ముక్కు పొడి, కన్ను పొడి. నోరు కూడా ఎండిపోయి మాటలు తగ్గాయి. మండీలో తక్కువ మాట్లాడితే తెలివైనవాళ్ళనుకుంటారు. నెల తిరిగేసరికి నేను తెలివైనదాన్ని, కన్ను పండినదాన్ని కూడా అయిపోయాను.

గుత్తి ఆయనతో మొదటిసారి బస్తా ముందు నిలబడి, ఆయన తువ్వాల తీసుకుని బయటికి పోయేదాకా చూసిన రోజు, జేజినాయన ఫొటోకు నాయన కొత్త పూలదండ తెచ్చి వేశాడు. చుట్టుపక్కల అంగళ్ళకంతా వినపడేలా, "చూసినారా, మా నాయన కండ్లు. పాపకు వచ్చినాయి" అన్నాడు. వచ్చింది జేజినాయన నుంచి కాదు, మందుల అంగడి నుంచి అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నిజం చెప్పాలంటే అక్కర కూడా లేకపోయింది. ఆ మెప్పు నాకు బాగుంది.

ఇక్కడ నా చదువు గురించి ఒక మాట చెప్పాలి, సిగ్గుపడుతూనే. ఇంటర్లో బైపీసీ, డిగ్రీలో జువాలజీ. అశ్రుగ్రంథి బొమ్మ గీసి, బాణాలు పెట్టి, కణాల మీద గ్రాహకాలుంటాయని, వాటికి నరం నుంచి కబురు అందితేనే గ్రంథి నీళ్ళు వదులుతుందని శుభ్రంగా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ బొమ్మలోని కన్ను పరీక్ష పేపర్లో ఉంటుందని తెలుసు. నా మొహం మీద కూడా అదే ఉంటుందని ఎవరూ చెప్పలేదు. సాయంత్రాలు కళ్ళల్లో ఇసుక పోసినట్టుండేది. మా ఊరి గాలికి కళ్ళల్లో నిజంగానే ఇసుక పడుతుంది కాబట్టి అనుమానం రాలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. నాయనకు డెబ్బై దాటాయి. అప్పుడు ఒక వింత జరిగింది. ఆయన కళ్ళు కారడం మొదలుపెట్టాయి. మండీలోనే కాదు, ఫ్యాను కింద, స్కూటరు మీద, టీవీ ముందు. చెంపల మీదికి ధారగా వచ్చేవి. ఎవరైనా చూస్తే పక్కకు తిరిగి తువ్వాలతో ఒత్తుకునేవాడు. బస్తా విప్పే వేళకు ఏదో ఒక పని పెట్టుకుని లోపలికి పోయేవాడు. ఒకరోజు గుత్తి ఆయన, "సావుకారీ, ఈ మధ్య బస్తా కాడికి రావు. వయసయ్యిందిలే" అన్నాడు. నాయన నవ్వాడు. ఆ పూట భోజనం చెయ్యలేదు.

నాకు ప్రాణం ఉసూరుమంది. అంత మనిషి తువ్వాల వెనక దాక్కోవడం చూడలేకపోయాను. ప్రేమ ఉన్న కూతురు ఏం చేస్తుంది? డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. నేను అంతకంటే తెలివైనదాన్ని. రోజూ పొద్దున ఆయన తాగే రాగిజావలో నా మాత్రను నూరి కలిపాను. చెబితే ఒప్పుకోడు, అభిమానం అడ్డొస్తుంది అనుకున్నాను. వారంలో కళ్ళు ఆగిపోయాయి. నాయన మళ్ళీ చొక్కా చేతులు మడిచి బస్తాల ముందుకొచ్చాడు. ఆ రోజుల్లో నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను. తండ్రి పరువును గ్లాసెడు జావతో నిలబెట్టిన కూతుళ్ళు ఎంతమంది ఉంటారు.

నాలుగు నెలలు అలా నిలబెట్టాను.

తర్వాత ఒక ఉదయం సోమందేపల్లె దగ్గరి నుంచి ఒక రైతు పన్నెండు బస్తాలు తెచ్చాడు. రెండెకరాల్లో, ఉన్న ఒక్క బోరు కింద పండించిన సరుకు. నేను దూరం నుంచే చూశాను. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. నాయన పిడికెడు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"తాలు ఎక్కువుండాదప్పా" అన్నాడు. తాలు అంటే ఎండిపోయి తెల్లబారిన కాయ. అది ఎక్కువుంటే సరుకు మొత్తం విలువ పడిపోతుంది.

రైతు తెల్లబోయాడు. "యాడుండాది సావుకారీ? ఒక్కటి చూపీ. ఇంటిల్లిపాదీ కూచోని ఏరి తెచ్చినాము."

నాయన ఇంకో పిడికెడు తీశాడు. "ఇదో, ఇదో. అంతా పొగ పట్టినట్లుండాది."

ఆయన చేతిలో ఒక్క తాలుకాయ లేదు. హమాలీ పెద్దాయన నా వైపు చూశాడు. రైతు కాయల వైపు కాదు, నాయన మొహం వైపు చూస్తున్నాడు. అబద్ధమాడుతున్న వ్యాపారిని వాళ్ళు రోజూ చూస్తారు. ఇది అది కాదని వాళ్ళకు తెలిసిపోయింది.

నేను దగ్గరికి పోయి నాయన గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకు తిప్పాను. కుడి కంట్లో, నల్లగుడ్డు మీద, బియ్యపు నూకంత తెల్లమచ్చ. దాని చుట్టూ కన్నంతా ఎర్రగా ఉంది.

"నొప్పి లేదా నాయనా?"

"ఏం నొప్పి? ఈ కంటిని మిరపకాయే ఏమీ జేయలేదు" అన్నాడు, రైతు వినాలని గట్టిగా.

ఆ రైతు సరుకును నేనే మంచి ధరకు రాయించి, ఆ పూటే నాయన్ని కారెక్కించి అనంతపురం తీసుకుపోయాను. కంటి డాక్టరు నా కూతురి వయసున్న పిల్ల. ముందు ఆమె చేసిన పని నాయనకు అస్సలు నచ్చలేదు. సన్నటి కాగితం పట్టీలు రెండు తీసి, ఒక్కో కంటి కింది రెప్పలో ఒకటి తగిలించి, ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోమంది. ఆ కాగితం ఎంత మేర తడిస్తే కన్ను అంత నీరు ఊరిస్తున్నట్టు. పట్టీ మీద గీతలుంటాయి. యాభై ఏళ్ళు ఇతరుల సరుకును విరిచి, వాసన చూసి, తీసిపారేసిన మనిషి, తన కంటి నాణ్యత తేలేదాకా కాగితాలు వేలాడదీసుకుని కూర్చున్నాడు.

"కుడి కన్ను ఒకటి కూడా రాలేదు. ఎడమ కన్ను మూడు" అందామె.

"మూడేనా? సరిగ్గా జూడమ్మా. ఇంగో నిమిషం ఉంచింటే నాలుగు దాటతాండె."

"పది దాటితే బాగున్నట్టు పెద్దాయనా."

నాయన నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. కొనేవాళ్ళు కావాలని సరుకును తక్కువ చేసి చెప్పినప్పుడు అలాగే ఊపేవాడు.

డాక్టరు అద్దంలోంచి చూసింది. దూది కొసతో కుడి కంటి నల్లగుడ్డును తాకింది. మామూలుగా ఎవరైనా ఎగిరిపడతారు. నాయన కదల్లేదు. "చూసినావా" అన్నట్టు నావైపు గర్వంగా చూశాడు. డాక్టరు మొహం మాత్రం మాడిపోయింది. మిరప తొక్క ముక్క ఒకటి ఎప్పుడో పడి గీరుకుపోయిందట. కడిగేయడానికి నీరు లేదు, చెప్పడానికి నొప్పి లేదు. అక్కడ పుండు పడి లోతుకు పోయింది.

"ఏమన్నా మందులు వాడుతున్నారా?" అని అడిగింది.

"ఒక్క మాత్ర మింగి ఎరగను" అన్నాడు నాయన.

నేను చెప్పక తప్పలేదు. బ్యాగులోంచి సగం అట్ట తీసి బల్ల మీద పెట్టాను. ఎన్నేళ్ళుగా నేను మింగుతున్నానో చెప్పాను. నాలుగు నెలలుగా జావలో కలుపుతున్నానని కూడా చెప్పాను. నాయన వైపు చూడకుండా గోడ మీది కంటి బొమ్మను చూస్తూ చెప్పాను. అది నేను డిగ్రీలో గీసిన బొమ్మే, ఇంకొంచెం అందంగా ఉంది.

తర్వాత నాయన చొక్కా గుండీలు రెండు విప్పి, బనియన్ లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. ఒక అట్ట తీసి నా అట్ట పక్కన పెట్టాడు. అదే మాత్ర. అదే అంగడి కత్తెర కోత. రెండు సగాలూ పక్కపక్కన పెడితే అతుక్కునేట్టున్నాయి.

"ముప్పై ఏండ్లయింది" అన్నాడు. "నీళ్ళు కారడం మొదలైనాంక రెండు జేస్తి."

అంటే రోజుకు ఆయనవి రెండు, నాది ఒకటి. డాక్టరు రెండు అట్టలనూ చూసింది, మా ఇద్దరినీ చూసింది. నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక పెన్ను మూత పెట్టి తీసింది.

తర్వాత ఆమె చెప్పింది నాకు కొత్త కాదు, అదే నా దరిద్రం. నల్లగుడ్డు మీది పొరలో సన్నటి నరాలుంటాయి. వాటి కొసల్లో గ్రాహకాలుంటాయి. మిరప ఘాటును, వేడిని పట్టేవి కొన్ని. కన్ను మీది తడి ఆరి చల్లబడుతుంటే పసిగట్టేవి కొన్ని. అవి కబురు పంపితే మెదడు గ్రంథికి చెబుతుంది, గ్రంథి కణాల మీద ఇంకో రకం గ్రాహకాలు ఆ కబురు అందుకుని నీరు వదులుతాయి. ఏళ్ళ తరబడి ఘాటు తగిలి తగిలి నాయన కంటి నరాలు మొద్దుబారాయి. అటువైపు గ్రంథి గ్రాహకాలను మాత్ర మూసేసింది. కబురు పంపేవాళ్ళు లేరు, అందుకునేవాళ్ళూ లేరు.

"మరి ఆమధ్య ధారగా కారినాయి గదమ్మా?" అన్నాడు నాయన, ఇంకా బేరం వదలకుండా.

"ఎండిపోయాయి కాబట్టే కారాయి. మామూలుగా ఊరే తడి లేకపోతే కన్ను ఒరుసుకుపోతుంది. ఉన్న కాసిని నరాలు కలిసి ఒక్కసారిగా మొరపెట్టుకుంటాయి. అప్పుడే రావల్సింది."

ఆ మొరనే నేను రాగిజావతో నోరు మూయించాను. ఇంత తెలిశాక కూడా నేను కుర్చీలో మామూలుగానే కూర్చున్నాను. అదీ ఆశ్చర్యం.

నాయనకు గ్రాహకాల సంగతి ఎక్కలేదు. మా అంగడికి రోజూ పొద్దున్నే ఒక పెద్దమనిషి వస్తాడు, దూరపు చుట్టం. కొనేవాళ్ళకోసం వేసిన కుర్చీలో కూర్చుంటాడు. కొనడు, లేవడు. ఆయన్ని చూసి నిజంగా కొనేవాళ్ళు నిలబడి నిలబడి వెళ్ళిపోతారు. "ఈ మాత్ర ఆయనే నాయనా" అన్నాను. "గ్రంథి ముందు కుర్చీలో కూచుంటాది. తను నీళ్ళు ఇప్పియ్యదు, వచ్చిన కబురును కూచోనియ్యదు."

నాయనకు వెంటనే అర్థమైంది. "అట్లైతే ఆయప్పను లేపల్ల" అన్నాడు.

కుడి కన్ను మానినా మచ్చ మిగులుతుందని, వెలుతురు తప్ప ఏమీ తెలియదని డాక్టరు తేల్చి చెప్పింది. ఎడమ కంటి మీది పొర కూడా అక్కడక్కడా చిట్లింది. అది దక్కాలంటే మాత్ర మానాలి, గంటగంటకూ చుక్కలు వెయ్యాలి, మూడు నెలలు మండీ గడప తొక్కకూడదు. సొంత నీరు మళ్ళీ ఊరుతుందా అంటే, చూడాలి అంది. ఊరకపోతే రెండోది కూడా అదే దారి పడుతుంది.

తిరుగు దారిలో, పెనుకొండ దాటేదాకా నాయన కుడి కంటికి వేసిన కట్టును తడుముకుంటూ ఉన్నాడు. కట్టు లేని కంటితో కిటికీలోంచి గుట్టల్ని చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"జావలో కలిపినావా?"

"ఊ."

"చేదుగా ఉండె. రాగులు ముక్కినాయేమో అనుకుంటి."

కాసేపటికి ఆయనే అన్నాడు. "నీకు కావల్లంటే నాతో చెప్పింటే అయిపాయె గదమ్మా. నా కాడున్నేవి ఇస్తాంటి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. గొంతు దాకా వచ్చింది, ముక్కు దాకా వచ్చింది. కళ్ళల్లోకి మాత్రం రాలేదు. పొద్దున్నే వేసుకున్న మాత్ర తన పని తాను నిజాయితీగా చేస్తోంది.

మర్నాడు మందుల అంగడికి పోయి కోపంగా అడిగాను, ఇద్దరికీ ఇస్తూ ఒక్క మాట చెప్పలేదేమని. ఆ అన్న నొచ్చుకున్నాడు. "మీరిద్దరేనా అక్కా? ఈ బజార్లో అంగడికొకరుండారు. ఒకరిది ఒకరికి చెప్తే పరువులుంటాయా?" అన్నాడు. గుత్తి ఆయన కూడా రైలు దిగి నేరుగా అక్కడికే వస్తాడట. ముప్పై ఏళ్ళుగా మండీలో కళ్ళూ కళ్ళూ తలపడుతున్నాయని మేమంతా అనుకుంటున్నాం. తలపడుతున్నది ఆ కత్తెర సగాలే.

ఇంక మిగిలింది జేజినాయన. ఆయన కాలంలో ఈ మాత్ర మా ఊరికి రాలేదు. ఆయన కన్నైనా నిజమైనదేనని నాయన పట్టుపట్టాడు. మూడు నెలల సెలవులో ఆయనకు మిగిలిన ఆస్తి అదొక్కటే. ఒకరోజు హమాలీ పెద్దాయన పలకరించడానికి ఇంటికొచ్చాడు. మాటల్లో నాయన అదే ఎత్తుకున్నాడు.

"పెద్ద సావుకారా?" అన్నాడు పెద్దాయన, కాఫీ ఊదుకుంటూ. "ఆయప్ప ఎప్పుడూ తలుపుకు వీపు బెట్టి నిలబడతాండె గదన్నా. గాలి వీపున కొట్టి దుమ్మంతా ఎదురోనికి పోతాండె. మాకందరికీ తెల్సు. నీకు చెప్పలేదా?"

పెద్దాయన పోయాక నాయన అంగట్లోంచి ఆ ఫొటో తెప్పించుకుని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. వెనక తలుపు, తలుపులోంచి వెలుతురు, వెలుతురుతోపాటు వచ్చే గాలి. "ఫొటో తీసినోన్ని ఊరికే తిడితిమి" అన్నాడు. అంతే. తన తండ్రి మీద కోపం రాలేదు, నా మీద కూడా రాలేదు. వస్తే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

నేనూ మాత్ర మానేశాను. గంటగంటకూ ఆయన కంట్లో చుక్కలు వేసే పని నాదే. వేసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "ఆయప్ప లేసినాడా?" అంత తొందరగా లేవడు నాయనా అనేదాన్ని. ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడు ఒక్క పూటలో లేస్తాడా. నెలకొకసారి అనంతపురంలో కాగితం పట్టీ. మూడు, మళ్ళీ మూడు, తర్వాత నాలుగు. నాలుగు వచ్చిన రోజు దారిలో ఆపి బజ్జీలు తిన్నాం. మిరపకాయ బజ్జీలే. మా ఇంట బుద్ధి అంత సులభంగా మారదు.

మూడు నెలలు నిండాక నాయన నల్లద్దాలు పెట్టుకుని అంగడికొచ్చాడు. దూరంగా కూర్చోవాలని ఒప్పందం. ఆ రోజే సోమందేపల్లె రైతు మిగిలిన సరుకు తెచ్చాడు. నాయన్ని చూసి ఒక క్షణం తటపటాయించాడు. నాయన లేచొచ్చి, నేను ఆపేలోపు అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, పిడికెడు కాయలు తీసి ఎడమ కంటికి ఎత్తి పట్టుకున్నాడు. తలుపుకు వీపు పెట్టలేదు. ఎదురుగానే నిలబడ్డాడు.

"తాలు లేదప్పా" అన్నాడు. "పోయినసారి గూడా లేదు. నా కన్నే తాలు."

నాయన ఎడమ కన్ను ఎర్రబడింది. రెప్ప అంచున తడి చేరింది, నిండింది, చెంప మీదికి జారింది. మండీ మధ్యలో, నలుగురి ముందు. నాయన తువ్వాల తీయలేదు. పక్కన నేను కూడా ముక్కు చీదుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను. హమాలీలు మూటలు దించి మమ్మల్ని చూస్తున్నారు.

"ఏమైంది సావుకారీ? ఎవరన్నా పోయినారా?" అన్నాడు రైతు.

"లేదప్పా. ఒకాయప్ప కుర్చీలోంచి లేసినాడు."

రైతుకు అర్థం కాలేదు. నాయన నా వైపు తిరిగాడు. ఒక కంటికి ఘాటు తగిలితే మెదడు రెండు గ్రంథులకూ కబురు పంపుతుందని డాక్టరు చెప్పింది. ఏ కన్ను చూస్తోంది, ఏది చూడటం లేదు అని గ్రంథి విడిగా లెక్కవేసుకోదు. నా చేతులతో నేను చీకటి చేసిన ఆ కుడి కన్ను కూడా నిండి కారుతోంది. అక్కడ నరాలు చచ్చిపోయాయి కాబట్టి అది ఆయనకు తెలియదు.

"పాపా, కుడి కన్ను గూడా తడిసిందా?"

"తడిసింది నాయనా."

"ఎంతుంటాది?"

నేను తువ్వాల అంచుతో ఆ చెంప ఒత్తాను. "పది దాటింది" అన్నాను.

"సరిగ్గా జూసినావా?" అన్నాడు.